దావత్‌లో తొలి ముద్ద

వలీమా కానివ్వండి, అఖీఖా కానివ్వండి, పిల్లవాడి బిస్మిల్లా కానివ్వండి, దస్తర్‌ఖాన్ పరిచే ముందు అతిథుల చేతికి ఏదో ఒక చిరుతిండి అందించడం ఇప్పుడు మన ఊళ్ళలోనూ ఆనవాయితీ అయింది. వికారాబాద్‌లోనైనా, తాండూరులోనైనా ఫంక్షన్ హాల్లో కూర్చోగానే ఒక కుర్రవాడు ట్రే పట్టుకుని ఎదురొస్తాడు. అందులో వేలెడు పొడవున పొరలు పొరలుగా కాలిన పిండి చుట్టలు. లోపల మెత్తటి మాంసం. పక్కన చిన్న గిన్నెలో ఎర్రటి సాసు. పిల్లలు రెండు చేతులా తీసుకుంటారు. పెద్దవాళ్ళలో కొందరు మాత్రం ఒక్క క్షణం ఆగుతారు.

‘‘బేటా, లోపల ఏముంది?’’

‘‘సాసేజ్ సాబ్.’’

‘‘దేనిది?’’

కుర్రవాడు వంటమాస్టరు వైపు చూస్తాడు. వంటమాస్టరు, ‘‘చికెనే సాబ్, ప్యాకెట్ నగరం నుంచి తెప్పించాం’’ అంటాడు. ఆ ప్యాకెట్ మీద ఏం రాసి ఉందో ఆయనా చదివి ఉండడు. అడిగినాయన చేతిలోకి తీసుకున్న ముక్కను మర్యాదగా పక్కన పెట్టేస్తాడు. పిలిచిన ఇంటివారికి ఈ సంగతి తెలియనే తెలియదు. ఇటువంటి దృశ్యం మేము ఒకటికి రెండుసార్లు చూశాం. అతిథి సందేహంతో పక్కన పెట్టిన ముద్ద గృహస్థుకు చిన్న లోటు కాదు. అందుకే ఈ వారం ఈ తినుబండారం గురించే ముచ్చటిద్దాం. దీన్ని మన ఇంట్లో, మన కళ్ళముందు కొట్టించిన ఖీమాతో, మన లుఖ్మీ పిండితోనే సులువుగా చేసుకోవచ్చు. ప్యాకెట్ అవసరమే లేదు.

అసలు ఈ వంటకం ఎక్కడిదో ముందు తెలుసుకోవాలి. ఇంగ్లండులో సాసేజ్ రోల్ అని ఒక తిండి ఉంది. మసాలా కలిపిన మాంసపు ముద్దను పొరల పిండిలో చుట్టి కాలుస్తారు. అక్కడ అది మామూలుగా పంది మాంసంతోనే చేస్తారు. అమెరికాలో చిటికెనవేలంత సాసేజ్‌ను పిండి పట్టీలో చుట్టి కాల్చి, ఆవాల ముద్దలోనో టమాటా సాసులోనో ముంచుకుని తింటారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరును తెలుగులో చెబితే ‘దుప్పటి కప్పుకున్న పందులు’. పేరు వింటేనే మనవాళ్ళు ఎందుకు ఆగి అడుగుతారో అర్థమవుతుంది.

అలాగని సాసేజ్ అన్న మాట వినగానే హరామ్ అని తేల్చేయడం కూడా సరికాదు. మాంసాన్ని సన్నగా కొట్టి, ఉప్పూ మసాలా దట్టించి, పేగులోనో మరొక తొడుగులోనో కూరితే అది సాసేజ్. టర్కీలో ‘సుజుక్’ అనీ, మొరాకో, అల్జీరియా, ట్యునీషియాల్లో ‘మెర్గెజ్’ అనీ గొర్రె మాంసంతో, గొడ్డు మాంసంతో చేసే సాసేజ్‌లు ముస్లింలు తరతరాలుగా తింటున్నవే. కాబట్టి పేరును చూసి భయపడనక్కర లేదు. జంతువు ఏది, జబహ్ ఎలా జరిగింది, తొడుగు దేనితో చేశారు, కలిపిన ఇతర పదార్థాలు ఏమిటి అన్నవే చూడవలసినవి.

వీటిలో తొడుగు సంగతి చాలామంది ఆలోచించరు. పేరు చికెన్ సాసేజే కావచ్చు, తొడుగు మాత్రం కోడిది కాదు. కోడి పేగు అందుకు పనికిరాదు. గొర్రె, మేక, పంది పేగుల్ని వాడతారు. ఫ్యాక్టరీల్లో జంతువుల చర్మం నుంచి తీసే కొలాజెన్ తొడుగులు వాడడం మామూలు. మరికొన్ని రకాలను సెల్యులోజ్ గొట్టంలో ఉడికించి, తరువాత ఆ గొట్టాన్ని ఒలిచేస్తారు. ఈ చివరి రకానికి తిన్నవారి నోట్లోకి వెళ్ళే తొడుగంటూ ఉండదు. ఇక ఎర్రరంగు కోసం కొన్ని తిండి వస్తువుల్లో 120 సంఖ్యతో సూచించే కార్మైన్ కలుపుతారు. అది ఒక రకం పురుగుల నుంచి తీసే రంగు. దాని గురించి ఉలమాల మధ్య అభిప్రాయ భేదం ఉంది. కాబట్టి కొనక తప్పదనుకున్నవారు ప్యాకెట్ వెనుక ఉన్న చిన్న అక్షరాలను చదవాలి. కళ్ళజోడు మరిచిపోతే ఇంట్లో చదువుకునే పిల్లల చేత చదివించాలి.

ప్యాకెట్ ముందువైపు ఉండే గుర్తు విషయంలో కూడా ఒక అపోహ ఉంది. ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం. మాంసాహారానికి ఇదివరకు గోధుమరంగు చుక్క ఉండేది. 2020 నాటి లేబెలింగ్ నిబంధనల తరువాత గోధుమరంగు చతురస్రంలో అదే రంగు త్రికోణం వేస్తున్నారు. ఈ గుర్తు లోపల మాంసం ఉందని మాత్రమే చెబుతుంది. ఏ జంతువుదో, జబహ్ ఎలా జరిగిందో దానికి సంబంధం లేదు. పద్నాలుగు అంకెల లైసెన్సు నంబరు కూడా అంతే. సర్కారు దగ్గర నమోదైన వ్యాపారమని చెప్పడానికి అది పనికొస్తుంది, మన ప్రశ్నకు జవాబు కాదు. హలాల్ ధ్రువీకరణ ముద్ర ఉంటే ఎవరు ఇచ్చారో పేరు చూడాలి. పేరూ ఊరూ లేకుండా ఉత్త ‘హలాల్’ అని అచ్చు వేయడం ఎవరికైనా సాధ్యమే కదా!

ఆరోగ్యం మాట కూడా ఒకటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో సాసేజ్, సలామీ వంటి నిల్వ మాంసాలను క్యాన్సర్ కారకాల జాబితాలో మొదటి వర్గంలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తినే అలవాటు పెద్దపేగు క్యాన్సర్ ప్రమాదాన్ని సుమారు 18 శాతం పెంచుతుందని చెప్పింది. ఈ మాట విని ఏడాదికి ఒకసారి పెళ్ళిలో తిన్నవారు బెంగపడనవసరం లేదు. కానీ పిల్లల టిఫిన్ డబ్బాలో రోజూ పెట్టే తల్లులు ఆలోచించుకోవాలి. ఉదయం కొట్టించి సాయంత్రం వండే ఖీమా ఈ కోవలోకి రాదు. అందులో నిల్వ మందులు ఉండవు, ఉప్పు మన చేతిలోనే ఉంటుంది.

ఇక మన సంగతికి వద్దాం. పిండిలో మాంసం పెట్టి, విందుకు ముందు అతిథికి అందించడం మనకు పడమటి దేశాలవారు నేర్పిన విద్య కాదు. 1226లో బగ్దాదులో ముహమ్మద్ బిన్ హసన్ అల్ బగ్దాదీ కూర్చిన ‘కితాబ్ అల్ తబీఖ్’ అనే వంటల గ్రంథంలో ‘సంబూసజ్’ ఉంది. పద్నాలుగో శతాబ్దంలో ఢిల్లీకి వచ్చిన ఇబ్న్ బతూతా, ముహమ్మద్ బిన్ తుగ్లక్ దర్బారు విందుల గురించి రాస్తూ, బాదం, పిస్తా, అక్రోటు, ఉల్లి, మసాలాలతో వండిన ఖీమాను పలుచటి రొట్టెలో చుట్టి నేతిలో వేయించి వడ్డించేవారని చెప్పాడు. ఆ కుటుంబంలోనిదే మన హైదరాబాదీ లుఖ్మీ. సమోసా మూడు మూలలది, లుఖ్మీ నాలుగు మూలలది. సమోసా పొర పలుచగా కరకరలాడుతుంది. లుఖ్మీ పొర కాస్త మందంగా, నెయ్యి పట్టి, గుల్లగా విరుగుతుంది. పాత పెళ్ళిళ్ళలో కబాబ్‌తోపాటు పళ్ళెంలో లుఖ్మీ లేకపోతే విందు మొదలైనట్టే కాదు.

ఆ పేరు కూడా బాగుంటుంది. అరబ్బీలో ‘లుక్మా’ అంటే ఒక ముద్ద. అందులో ఉన్నది మదర్సా పిల్లలు గొంతు లోతు నుంచి పలకడం నేర్చుకునే ‘బడా ఖాఫ్’. దక్కన్ నోట ఆ అక్షరం ‘ఖే’ లాగా పలుకుతుంది. లఖ్నవూ వాళ్ళు ఈ విషయంలో మనల్ని చూసి నవ్వితే నవ్వుకోనివ్వండి, లుఖ్మీ రుచికి అది అడ్డు కాదు. హైదరాబాదును వాడీతో కలుపుతూ 1874లో నిజాం రైలు మార్గం పడిన తరువాత నగరపు రుచులు వికారాబాద్, తాండూరు స్టేషన్లలో దిగడం తేలికైంది. ఇప్పుడు ప్యాకెట్లు దిగుతున్న దారి కూడా ఇదే.

మేము చెప్పబోయేది లుఖ్మీకీ, సాసేజ్ రోల్‌కూ మధ్యరకం. ఖీమాను వదులుగా నింపకుండా సీఖ్ లాగా వేలి ఆకారంలో చేసి, పెనం మీద కాల్చి, చల్లారాక లుఖ్మీ పిండిలో చుట్టడం. దీనివల్ల రెండు లాభాలున్నాయి. పచ్చి ఖీమా నీరు వదిలి పిండిని తడిపేయడం ఉండదు. పైన పిండి ఎర్రబడినా లోపల మాంసం పచ్చిగా మిగిలిపోతుందేమో అన్న భయమూ ఉండదు.

ఖీమా ఎంపిక

వేట మాంసం అయితే రాన్ గాని దస్త్ గాని తీసుకోవాలి. అందులో ఐదో వంతు వరకు చర్బీ ఉండనివ్వాలి. చర్బీ లేని ఖీమా సీఖ్ కాలగానే చెక్కలా ఎండిపోతుంది. మాంసాన్ని ముందే కడిగి, నీరు పూర్తిగా ఓడ్చిన తరువాత మిషన్‌లో వేయించాలి. బారీక్ ఖీమా కావాలని చెప్పి రెండుసార్లు వేయించుకుంటే మంచిది. ఇంటికి తెచ్చాక ఖీమాను కడిగే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. అలా కడిగితే అందులో చేరిన నీరు పోదు, సీఖ్ పట్టు వదిలి పెనం మీద విడిపోతుంది. అంగట్లో ముందే కొట్టి కుప్పగా పెట్టిన ఖీమా జోలికి పోవద్దు. ఎప్పుడు కొట్టారో, ఏ ముక్కలు కలిపారో తెలియదు. ఖసాయి మన పరిచయస్తుడే అయినా, ‘‘భాయ్, నా ముందు కొట్టు’’ అనడంలో తప్పేమీ లేదు. మంచి ఖసాయి ఆ మాటకు కోపగించుకోడు.

కోడి మాంసంతో చేసేవారు రొమ్ము ఒక్కటే కాకుండా తొడ మాంసం కూడా సగం కలపాలి. వట్టి రొమ్ముతో చేస్తే మెత్తదనం రాదు.

ఇరవైనాలుగు ముక్కలకు కొలతలు ఇవి. సీఖ్‌లకు: ఖీమా 300 గ్రాములు, అల్లం వెల్లుల్లి ముద్ద చెంచాన్నర, సన్నగా తరిగిన పచ్చిమిర్చి మూడు, ఒక ఉల్లిపాయ సన్నగా తరిగి ఎర్రగా వేయించి చిదిమినది, పుట్నాల పొడి రెండు పెద్ద చెంచాలు, గరం మసాలా అర చెంచా, ఎండుకారం ఒక చెంచా, ఉప్పు ముప్పావు చెంచా, గుప్పెడు కొత్తిమీర, కొద్దిగా పుదీనా. పిండికి: మైదా పావుకిలో, నెయ్యి 75 గ్రాములు, పెరుగు రెండు పెద్ద చెంచాలు, ఉప్పు అర చెంచా, చల్లటి నీళ్ళు సుమారు 100 మిల్లీలీటర్లు. అతికించడానికి, పైన పూయడానికి ఒక గుడ్డు.

ముందు పిండి సంగతి చూద్దాం, ఎందుకంటే దానికి విశ్రాంతి కావాలి. మైదాలో ఉప్పు కలిపి, 30 గ్రాముల నెయ్యి వేసి వేళ్ళతో నలపాలి. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్దలా నిలవాలి, వదిలితే రాలాలి. పెరుగు వేసి, చల్లటి నీళ్ళు కొద్దికొద్దిగా చిలకరిస్తూ కలపాలి. పరాఠా పిండిలాగా అదేపనిగా మర్దించకూడదు. ఎంత మర్దిస్తే అంత సాగుతుంది, గుల్లదనం పోతుంది. తడిగుడ్డ కప్పి అరగంట వదిలేయాలి.

ఇప్పుడు మడతలు. పిండిని పొడవాటి పలకగా ఒత్తి, మిగిలిన నెయ్యిలో సగం పైన పూసి, కొంచెం పొడి మైదా చల్లి, మూడు మడతలు వేయాలి. వరఖీ పరాఠా చేసేవారికి ఈ పని చెప్పనక్కర లేదు. ఇరవై నిమిషాలు చల్లటి చోట ఉంచి, మళ్ళీ ఒత్తి, మిగిలిన నెయ్యి పూసి మళ్ళీ మూడు మడతలు వేయాలి. మరో ఇరవై నిమిషాలు ఆగాలి. నెయ్యి కరిగి పిండిలో ఇంకిపోతే పొరలు రావు. అది గడ్డకట్టినట్టుగా, పొరకూ పొరకూ మధ్య విడిగా నిలవాలి. వేడి తగిలినప్పుడు పిండిలోని నీరు ఆవిరై ఆ పొరలను పైకి లేపుతుంది. కిటుకంతా ఇందులోనే ఉంది. అందుకే నీళ్ళు చల్లగా ఉండాలనేది.

ఈ విషయంలో మన ప్రాంతపు ఇళ్ళకు ఒక సదుపాయం ఉంది. తాండూరు నాపరాయి! ఎండాకాలంలో కూడా నీడపట్టున ఉన్న ఆ బండ చేతికి చల్లగా తగులుతుంది. వంటగట్టు మీద పరిచిన బండను శుభ్రంగా కడిగి తుడిచి, దాని మీదే పిండి ఒత్తితే చిన్న చపాతీ పీట మీద కంటే పని సులువు, నెయ్యి త్వరగా కరగదు. ఒకటే జాగ్రత్త. అది సున్నపురాయి జాతిది, నిమ్మరసం గాని చింతపులుసు గాని పడితే మచ్చ తేలుతుంది. నిమ్మకాయలు కోయడానికి వేరే చెక్క పెట్టుకోవాలి.

పిండి విశ్రాంతి తీసుకుంటున్నప్పుడే సీఖ్‌ల పని ముగించుకోవచ్చు. ఖీమాలో అన్నీ కలిపి ఐదారు నిమిషాలు అరచేతి మడమతో గట్టిగా పిసకాలి. పిండికి మర్దన పనికిరాదన్నాం, ఖీమాకు మాత్రం అదే ప్రాణం. జిగురు వచ్చి చేతికి అంటుకుంటూ ఉంటే పట్టు వచ్చినట్టు. పన్నెండు భాగాలు చేసి, తడిచేత్తో ఒక్కొక్కదాన్ని బొటనవేలి లావున, పది సెంటీమీటర్ల పొడవున చుట్టాలి. పెనం మీద కొద్దిగా నూనె వేసి, నడిమంట మీద నాలుగువైపులా తిప్పుతూ కాల్చాలి. ఒకటి విరిచి చూస్తే లోపల ఎక్కడా గులాబీ రంగు ఉండకూడదు, కారే రసం తేటగా ఉండాలి. వంట థర్మామీటరు ఉన్నవారికి కొలత చెబుతాం: వేట ఖీమా నడుమ 71 డిగ్రీలు, కోడి ఖీమా నడుమ 74 డిగ్రీల సెల్సియస్ రావాలి. ముక్క మాంసం కంటే ఖీమాకు ఈ జాగ్రత్త ఎక్కువ అవసరం. ముక్క పైన ఉండే క్రిములు మిషన్‌లో పడ్డాక మాంసమంతటా కలిసిపోతాయి. కాల్చిన సీఖ్‌లను పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి సీఖ్ చుడితే మన నెయ్యి కథ కంచికే.

పిండిని సుమారు 40 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పుతో, చపాతీ కంటే కొంచెం మందంగా ఒత్తి, పదేసి సెంటీమీటర్ల చదరాలుగా కోస్తే సరిగ్గా పన్నెండు వస్తాయి. ఒక్కో చదరంలో ఒక సీఖ్ పెట్టి చుట్టి, అంచుకు గిలకొట్టిన గుడ్డు రాసి అతికించాలి. అతుకు కిందివైపు ఉండాలి. పదునైన కత్తితో ఒక్కోదాన్ని రెండుగా కోయాలి. మొద్దు కత్తితో నొక్కితే పొరలు అతుక్కుపోతాయి.

కాల్చడం, వేయించడం

ఓవెన్ ఉంటే ముందుగా 200 డిగ్రీలకు వేడి చేసి, పైన గుడ్డు పూసి, కావాలంటే నువ్వులు చల్లి, 20 నుంచి 25 నిమిషాలు కాల్చాలి. ఓవెన్ లేనివారు వీధిలోని బేకరీలో అడిగి చూడవచ్చు. పరిచయం ఉన్న బేకరీవాళ్ళు తమ పని అయ్యాక భట్టీలో ఒక ట్రే పెట్టి ఇవ్వడానికి తరచూ ఒప్పుకుంటారు. అయితే ట్రే మనదే తీసుకెళ్ళాలి. అది కూడా కుదరకపోతే లుఖ్మీ పద్ధతే శరణ్యం, కడాయిలో వేయించడం. నూనె పొగలు కక్కేంత వేడి వద్దు. చిటికెడు పిండి వేస్తే నెమ్మదిగా పైకి తేలాలి. నడిమంట కంటే తక్కువలో ఆరేడు నిమిషాలు వేయిస్తే పొరలు విచ్చుకుంటాయి. తొందరపడి మంట పెంచితే పైన రంగు వస్తుంది గాని లోపలి పొర పచ్చిపిండిగానే ఉంటుంది.

నెయ్యి ఖరీదని డాల్డా వాడేవారున్నారు. ప్యాకెట్ వనస్పతిలో ట్రాన్స్ కొవ్వు 2 శాతానికి మించకూడదని 2022 జనవరి నుంచి నిబంధన ఉంది. కాబట్టి వెనుకటి అంత చెడ్డది కాదు. అయినా రుచికి నెయ్యే నెయ్యి.

ముంచుకునే పచ్చడి

ఎర్రటి సీసా సాసుతో ఈ ముక్కలు పెట్టడం మాకు నచ్చదు. దాని తీపి గరం మసాలాను మింగేస్తుంది. పుదీనా దహీ చట్నీయే దీనికి జోడీ. ఒక కప్పు గట్టి పెరుగును పలుచటి గుడ్డలో అరగంట వేలాడదీయాలి. ఒక కట్ట పుదీనా ఆకులు, అరకట్ట కొత్తిమీర, మూడు పచ్చిమిర్చి, రెండు వెల్లుల్లి రెబ్బలు, అర చెంచా జీలకర్ర, ఉప్పు కలిపి నీళ్ళు పోయకుండా నూరాలి. నూరిన ముద్దను పెరుగులో చెంచాతో కలపాలి గాని, పెరుగును మిక్సీలో వేయకూడదు. వేస్తే మజ్జిగలా జారిపోతుంది, ముంచిన ముక్కకు అంటదు, తెల్లటి కుర్తాల మీద కారుతుంది. ఎదురుగా కూర్చున్నవారి కుర్తా మీద పడితే ఇంకా కష్టం.

పిల్లలకు పుల్లతీపి కావాలంటే చింతపండు, గింజ తీసిన ఖర్జూరం సమంగా ఉడికించి, వడగట్టి, కొంచెం కారం, వేయించిన జీలకర్ర పొడి కలిపితే చాలు. తాండూరు వైపు ఇళ్ళలో జొన్నరొట్టెకు నూరే నువ్వుల పచ్చడిని కాస్త పలుచగా చేసి పెట్టినా బాగుంటుంది. నగరపు అతిథులు దాన్నే అడిగి మరీ వేయించుకుంటారు.

పిలిచేవారిలో అందరూ ముస్లింలే ఉండరు. మన ఊళ్ళలో ఏ దావత్ చూసినా ఇరుగుపొరుగు హిందువులు, పిల్లల ఉపాధ్యాయులు, వ్యాపారంలో తోడున్నవారు వస్తారు. తాండూరులో లింగాయతులు, వైశ్యులు వంటి శాకాహార కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మన హలాల్ గురించి మనం ఎంత పట్టింపుగా అడుగుతామో, వారి నియమం గురించి వారికీ అంత పట్టింపు ఉంటుంది. పొరపాటున కూడా వారి చేతికి తెలియని ముక్క వెళ్ళకూడదు. మాంసం తినే హిందూ మిత్రులకైనా వేట మాంసమో, కోడి మాంసమో వాళ్ళు అడగకముందే చెప్పాలి.

శాకాహారులకు ఆలుగడ్డ కూరి సరిపెట్టేయడం తేలిక. కానీ తాండూరు కందిపప్పు ఇంట్లో ఉండగా ఆలుగడ్డ దేనికి? ఆ కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఒక కప్పు పప్పును రెండు గంటలు నానబెట్టి, నీరు ఓడ్చి, పచ్చిమిర్చి, అల్లం, జీలకర్ర, ఉప్పుతో బరకగా రుబ్బాలి. తరిగిన ఉల్లి, పుదీనా కలిపి సీఖ్ ఆకారంలోనే చేసి, ఇడ్లీ పాత్రలో పావుగంట ఆవిరి మీద ఉడికించాలి. చల్లారాక అదే పిండిలో చుట్టాలి. ఇక్కడ గుడ్డు వాడకూడదు. మైదాను నీళ్ళలో కలిపిన లేయితో అతికించి, పైన పాలు పూస్తే రంగు వస్తుంది. వేయించేటప్పుడు వీటిని ముందు వేయించి, తరువాతే ఆ నూనెలో మాంసం చుట్టలు వేయాలి. వేరే కడాయి ఉంటే ఇంకా మంచిది. వడ్డించే ట్రే కూడా వేరుగా ఉండాలి, దాన్ని పట్టుకునే మనిషి కూడా. ఒకే కుర్రవాడికి రెండు ట్రేలూ ఇస్తే హడావిడిలో ఏది ఏదో మరిచిపోతాడు.

ఇంత చెప్పాక, పండుగనాడు ఇంటి ఆడవాళ్ళు పొయ్యి దగ్గరే నిలబడి చెమటలు కక్కాలా అని ఏ ఆపా అయినా మమ్మల్ని నిలదీయవచ్చు. నిలదీయవలసిందే. అతిథులు వచ్చి సలాములు చెప్పుకుంటుంటే ఇంటావిడ వంటింటి తలుపు వెనుక నూనెతో కుస్తీ పట్టడం మాకూ ఇష్టం లేదు. ఈ వంటకంలో ఉన్న సులువు ఏమిటంటే, నూటికి తొంభై పాళ్ళ పని ముందురోజే అయిపోతుంది. చుట్టి, కోసి, ఒకదానికొకటి తగలకుండా ట్రేలో పేర్చి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మర్నాడు వేయించడం ఒక్కటే మిగులుతుంది. ఆ పనికి ఇంట్లో మగపిల్లలను నిలబెట్టవచ్చు. వారికి కడాయి ముందు నిలబడడం రాకపోతే నేర్పించడానికి ఇదే సమయం. రాత్రంతా కరెంటు పోయే అవకాశం ఉంటే మాత్రం ముందురోజు పిండి ఒక్కటే సిద్ధం చేసి, ఖీమా పని ఆ ఉదయమే పెట్టుకోవాలి.

వందమందికి మనిషికి రెండు చొప్పున రెండు వందల ముక్కలు కావాలి. అందుకు రెండున్నర కిలోల ఖీమా, రెండు కిలోల పైచిలుకు మైదా, ఆరువందల గ్రాముల పైచిలుకు నెయ్యి సరిపోతాయి. రెండు కంటే ఎక్కువ లెక్క వేయడం వృథా. తరువాత బిర్యానీ ఉంది, డబల్ కా మీఠా ఉంది. ముందే కడుపు నింపితే దస్తర్‌ఖాన్ మీద అన్నం మిగిలి పారబోయవలసి వస్తుంది. రెండు వందల ముక్కలకు ఇద్దరు చేతులు కలిపితే మధ్యాహ్నం నుంచి అస్ర్ నమాజు వేళకు చుట్టడం పూర్తవుతుంది. వేయించడం విడతలవారీగా, మనుషులు వస్తున్నకొద్దీ చేసుకోవాలి.

వేయించిన ముక్కలను బయట రెండు గంటలకు మించి ఉంచవద్దు, ఎండాకాలంలో గంటకే తీసేయాలి. పెరుగు పచ్చడికీ ఇదే లెక్క. గిన్నె మొత్తం బయట పెట్టకుండా కొంచెం కొంచెం తెచ్చి నింపాలి. మిగిలినవాటిని వెంటనే డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు రోజుల వరకు తినవచ్చు. మళ్ళీ నూనెలో వేయకుండా, పెనం మీద మూతపెట్టి సన్నని మంటమీద లోపలిదాకా వేడెక్కేలా అటూ ఇటూ తిప్పి, చివర రెండు నిమిషాలు మూత తీసేస్తే పొర మళ్ళీ గుల్లగా అవుతుంది. పొద్దున బడికి వెళ్ళే పిల్లలకు చాయ్‌తో అవే నాష్తా.